తురకల ఊళ్లో ఒక పగలు

తెలుగునాట మాకు చాలా పేర్లున్నాయి. సర్కారు కాగితాల్లో ముస్లింలం. ఎన్నికల సభల్లో మైనారిటీ సోదరులం. అల్లర్లు జరిగిన మర్నాడు పత్రికల్లో 'ఒక వర్గం వారు'. ఊళ్లో మాత్రం తురకోళ్లం. మా ఇళ్లున్న చోటు తురకల వీధి. మేం ఇంట్లో మాట్లాడుకునేది తురకం. తురకపాలెం అని పేరున్న ఊళ్లు కోస్తా జిల్లాల్లో ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

ఈ మాట ప్రతిసారీ ద్వేషంతోనే అంటారని మేం చెప్పం. మామిడి తోటలు గుత్తకు తీసుకుని కాయ కోయించే మా అబ్బాని రైతులు 'మా తురకాయన' అనేవాళ్లు. ఆయన దగ్గరుండి చిక్కంతో కోయిస్తే కాయ నేల రాలదని, సొన మీద పడి మచ్చ కట్టదని వాళ్లకు నమ్మకం. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది. పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున అదే పిలుపుకి కోరలు మొలుస్తాయి. మాట మారదు, గొంతు మారుతుంది. గొంతు ఎప్పుడు మారబోతోందో పసిగట్టడం మేం అక్షరాలకంటే ముందే నేర్చుకున్నాం.

తురక అంటే టర్కీవాడు. శాసనాల్లో తురుష్కుడు, జనం నోట్లో తురక. మాకు తెలిసిన తరాల్లో టర్కీ మొహం చూసినవాళ్లు లేరు. మా నానీ తన జన్మలో చూసిన పెద్ద పట్నం బెజవాడ. అయినా ఆమె తురకామే. 2022 అక్టోబరులో, నలభై దాటిన వయసులో, మేం ఒంటరిగా ఇస్తాంబుల్ వెళ్లాం. తొలిరోజు పొద్దున్నుంచి చీకటి పడేదాకా కాలినడకన తిరిగాం. పుట్టినప్పటి నుంచీ ఎవరి పేరుతో మమ్మల్ని పిలుస్తున్నారో ఆ పేరుగలవాళ్ల ఊరు అది. ఆ ఒక్క రోజు గురించే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. ఇక్కడ 'మేం' అంటే ఒక్క మనిషే. ఉర్దూలో ఒక్కడూ తనను 'హమ్' అనుకోవచ్చు, మా ఇంట్లో అదే అలవాటు. ఇంకో కారణం కూడా ఉంది. ఎక్కడో ఒక బాంబు పేలితే ఇక్కడ మమ్మల్ని సంజాయిషీ అడుగుతారు. ఏదో దేశంలో ఎవరో ఫత్వా ఇస్తే దాని మీద మా అభిప్రాయం చెప్పమంటారు. ఒక్కడిగా ఉండే హక్కు మాకు దక్కలేదు. మీరిచ్చిన బహువచనాన్నే మేం వాడుకుంటున్నాం.

మాది ముసునూరు. నూజివీడు పక్కన. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఎటు చూసినా మామిడి తోపులే. రసాలు, బంగినపల్లి, మావైపు కలెక్టరు కాయ అని పిలుచుకునే తోతాపురి. బంగినపల్లి మామిడికి 2017లో ఆంధ్రప్రదేశ్ పేరున భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది నవాబులు ఏలిన బనగానపల్లె పేరు మోస్తున్న పండు. దాన్ని తురక పండు అని ఎవరూ అనరు. పండుకి ఉన్న వెసులుబాటు మనిషికి లేదు.

మా ఊరిపేరుకి ఇంకో ప్రసిద్ధి ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయి కాకతీయుల పాలన అంతమయ్యాక ఢిల్లీ తుగ్లక్‌ల సేనల మీద తిరగబడినవాళ్లు ముసునూరి నాయకులు. ప్రోలయ నాయకుడు, ఆయన తర్వాత కాపయ నాయకుడు. వాళ్ల ఇంటిపేరు మా ఊరి నుంచే వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. మేం చదివిన బడిలో ఆ పాఠం వచ్చిన రోజు బాగా గుర్తు. తురుష్కులను ఆంధ్రదేశం నుంచి తరిమికొట్టారని మాస్టారు చదివారు. మాస్టారు మంచాయన, ఆయన మావైపు చూడలేదు. క్లాసు క్లాసంతా చూసింది.

పెద్దయ్యాక బి.ఎ.లో చరిత్ర చదివాం. ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం సంగతి తెలిసింది. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించాక తురుష్కులనే చీకటి లోకాన్ని కమ్మిందని అందులో రాయించారు. ఆ సైన్యం చేసిన దౌర్జన్యాన్ని దాచాల్సిన పని మాకు లేదు. రైతుల్ని పీడించారు, గుళ్లు కూల్చారు. కానీ ఢిల్లీ నుంచి వచ్చిన ఆ సైన్యానికీ, రైతుల దగ్గర తోట గుత్తకు పట్టి పూత నిలుస్తుందో లేదోనని మాఘమాసం మంచుకి భయపడే మా అబ్బాకీ చుట్టరికం కలిపింది ఎవరు? ఒక్క మాట. ఏడు వందల ఏళ్లుగా బతికున్న ఒక మాట.

ప్రయాణం ఖాయమైనప్పుడు అమ్మీకి అర్థం కాలేదు. మా వీధి నుంచి సౌదీకి, దుబాయికి, కువైట్‌కి వెళ్లినవాళ్లున్నారు. హజ్ చేసొచ్చిన పెద్దలున్నారు. ఊరికే చూసి రావడానికి దేశం దాటినవాళ్లు లేరు. "హజ్ కాదు, నౌక్రీ కాదు, మరెందుకు బేటా?" అంది. పత్రికలో పనిచేసే మిత్రుడు మాత్రం చటుక్కున అర్థం చేసుకున్నాడు. "ఏం భాయ్, మొత్తానికి మీవాళ్ల దేశం చూడబోతున్నారన్నమాట" అన్నాడు. అతను లౌకికవాది. మాతోపాటు 1992 తర్వాత ఎన్నో ఊరేగింపుల్లో నడిచినవాడు. ఆ మాటలో అతనికి ఏ తప్పూ కనిపించలేదు.

లాలెలి అనే పేటలో చిన్న హోటల్లో దిగాం. పొద్దున్నే బయటికొచ్చి, బండి మీద అమ్మే సిమిత్ కొనుక్కున్నాం. సిమిత్ అంటే నువ్వులద్దిన గుండ్రటి రొట్టె. అది తుంచుకుని తింటూ తలెత్తి చూస్తే వీధి పేరు పలక. 'ఓర్దు జాద్దేసి'. జాద్దే అంటే పెద్ద వీధి. ఓర్దు అంటే సైన్యం. మన ఉర్దూ భాష పేరు ఈ మాట నుంచే పుట్టింది. సైనిక శిబిరపు భాష కాబట్టి ఉర్దూ. మేం ఇంట్లో మాట్లాడేది, మా పిల్లలు మర్చిపోతున్నది, ఎన్నికలప్పుడు తిట్టుగా మారేది, ఆ భాష పేరు ఇక్కడ ట్రాము బండ్లు తిరిగే వీధికి ఉంది. ఇక్కడివాళ్లకు ఆ మాట వింటే భాష గుర్తుకు రాదు, ఫిరంగులు గుర్తుకొస్తాయి.

ఆ వీధి వెంట బెయాజిత్ మైదానం దాకా నడిచాం. మైదానాన్ని వాళ్లూ మెయ్‌దాన్ అనే అంటారు. దుకాణం అక్కడ దుక్కాన్, కలం కాలెమ్, జేబు జెప్, తారీఖు తారిహ్. మన తుపాకి వాళ్లకి తుఫెక్, మన ఫిరంగి తోపు వాళ్లకి తోప్. సుల్తానుల కోట తోప్‌కాపి అంటే తోపు ద్వారం అనే అర్థం. ఆ మాటలన్నీ దుకాణాల బోర్డుల మీద చదువుకుంటూ పోతుంటే ముచ్చటేసింది. ఇవన్నీ ఉర్దూ మాటలని కాదు మా సంతోషం. ఇవన్నీ తెలుగు మాటలు. ముసునూరు సంతలో ఏ కులం రైతైనా రోజూ వాడే మాటలు. దుకాణం అనడానికి ఎవరూ తురకం నేర్చుకోనక్కర్లేదు.

మైదానం ఒక పక్కన ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం పెద్ద ద్వారం ఉంది. పైన అరబ్బీ లిపిలో బంగారు అక్షరాలు. మేం తలెత్తి చదివాం. 'దాయిరయె ఉమూరె అస్కరియా'. సైనిక వ్యవహారాల శాఖ. ఒకప్పుడు అది ఉస్మానియా సామ్రాజ్యపు యుద్ధ మంత్రిత్వశాఖ. ఆ ద్వారం ముందు ఫొటోలు దిగుతున్న విద్యార్థుల్ని పైన ఏం రాసుందని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాం. నవ్వి తలలూపారు. వాళ్లకు తెలియదు. 1928లో ముస్తఫా కమాల్ ప్రభుత్వం లిపి మార్చేసి లాటిన్ అక్షరాలు తెచ్చింది. ఆ తర్వాత పుట్టిన తరాలకు తాతల సమాధుల మీది పేర్లు కూడా చదవరావు. ముసునూరు నుంచి వచ్చిన మనిషి వాళ్ల విశ్వవిద్యాలయం పేరుపలక చదివి పెడుతుంటే ఆ పిల్లలకు వింతగా ఉంది.

మాకు గర్వంగా అనిపించాలి. దిగులేసింది. మా అన్న పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. ఫోన్లో సందేశం పంపాలంటే 'ఖైరియత్' అని తెలుగు అక్షరాల్లో రాస్తారు. వాళ్లకు లిపి మార్చిన కమాల్ పాషా ఎవరూ లేరు. ఊరి బడిలో ఉర్దూ చెప్పే మనిషి లేకపోవడం చాలు. అక్కడ ఒక చట్టం చేసిన పని ఇక్కడ ఒక ఖాళీ కుర్చీ చేసింది.

బెయాజిత్ మసీదు పక్కనే పాత పుస్తకాల బజారుంది. సహాఫ్‌లార్ చార్షిసి. వాళ్ల భాషలో సహాఫ్ అంటే పాత పుస్తకాలమ్మేవాడు. ఉర్దూలో సహాఫీ అంటే పత్రికా రచయిత. మా కులవృత్తి బజారుకు వచ్చినట్టనిపించింది. నడిమధ్యన ఇబ్రహీం ముతెఫెర్రికా విగ్రహం. 18వ శతాబ్దంలో ఉస్మానియా రాజ్యంలో తురక భాష పుస్తకాలకు అచ్చుయంత్రం పెట్టినవాడు. 1729లో ఆయన అచ్చేసిన తొలి పుస్తకం అరబ్బీ-తురక భాషల నిఘంటువు. అచ్చు రెండు భాషల మధ్య మొదలైందన్నమాట. రెండు భాషల్లో వార్తలు రాసి బతికే మాకు ఆయన ముందు కాసేపు నిలబడాలనిపించింది.

అక్కడే చాయ్ తాగాం. వాళ్లూ చాయ్ అనే అంటారు. నడుము సన్నగా ఉండే గాజు గ్లాసులో, పాలు లేకుండా. చాయ్ ఇచ్చిన పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "పాకిస్తాన్?" అన్నాడు. మొహంలో ప్రేమ ఉంది. మాకు మాత్రం ఒక్క క్షణం గొంతు పట్టేసింది. ఆ ప్రశ్న మేం ఊళ్లో చాలాసార్లు విన్నాం. అక్కడ దాని చివర ప్రశ్నార్థకం ఉండదు, 'పొండి' అని ఉంటుంది. ఇక్కడ అదే మాటతో ఆహ్వానిస్తున్నాడు. కాదు, హిందుస్తాన్ అన్నాం. "హింత్లి" అన్నాడు, భారతీయుడివన్నమాట అని. నవ్వు కొంచెం తగ్గింది. ముసల్మానునని చెప్పాం. హిందుస్తాన్‌లో ముసల్మాన్లున్నారా అని ఆశ్చర్యపోయాడు. కాగితం తీసి 2011 జనాభా లెక్క రాసి చూపించాం. 17 కోట్ల 22 లక్షలు. మొత్తం టర్కీ జనాభా ఎనిమిదిన్నర కోట్లు. ఆయన ఆ అంకెని చాలాసేపు చూశాడు. చివరికి ఆయనకు హిందుస్తాన్ గురించి తెలిసిన సంగతి ఒకటి దొరికింది. "అవారా!" అన్నాడు సంబరంగా. 1951 నాటి రాజ్‌కపూర్ సినిమా. ఆ దేశంలో ఒక తరాన్ని ఊపేసిన సినిమా.

మన పెద్దలు ఈ ఊరికోసం జైళ్లకు వెళ్లారు. ఖిలాఫత్ ఉద్యమంలో మా ఇళ్ల ఆడవాళ్లు గాజులు తీసి చందా ఇచ్చారు. గాంధీజీ దాన్ని సహాయ నిరాకరణతో కలిపారు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా గాంధీ చేతికిచ్చింది ఆ రోజుల్లోనే. 1924 మార్చి 3న అంకారా శాసనసభే ఖిలాఫత్‌ను రద్దు చేసింది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ దేశం విడిచి వెళ్లి 1944లో పారిస్‌లో చనిపోయాడు. ఆయన కూతురు దుర్రె షెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకు ఆజం జాకి భార్యయి హైదరాబాద్ వచ్చింది. ఆమెతోపాటు చిన్నకొడుకుని పెళ్లాడి వచ్చిన నీలోఫర్ పేరు హైదరాబాద్‌లో పసిపిల్లల ఆసుపత్రికి మిగిలింది. మన గడ్డ మీదికి నిజంగా వచ్చిన తురకలు వీళ్లు. వాళ్లని ఎవరూ తురకోళ్లు అనలేదు. రాణులన్నారు. తురక అన్న మాట తోటల్లో కాయలు కోసేవాళ్లకీ, దూది ఏకేవాళ్లకీ, సైకిల్ రిపేరు చేసేవాళ్లకీ మిగిలింది. తురకతనం కూడా వర్గాన్ని బట్టే.

మధ్యాహ్నానికి దివాన్ యోలు వీధి దిగి ఆయా సోఫియా చేరాం. 537లో జస్టీనియన్ చక్రవర్తి పూర్తి చేసిన చర్చి. 1453లో సుల్తాన్ మెహ్‌మెద్ నగరం గెలిచాక మసీదు. 1934 నిర్ణయంతో మ్యూజియం. 2020 జూలైలో మళ్లీ మసీదు. లోపలికి అడుగుపెట్టగానే కాళ్ల కింద ఫిరోజా రంగు తివాచీ. ఫిరోజా అంటే పచ్చకీ నీలానికీ మధ్య రంగు, టర్కీ రాయి రంగు. చుట్టూ గోడల మీద పెద్ద గుండ్రటి పలకల్లో అల్లా, మహమ్మద్, నలుగురు ఖలీఫాలు, హసన్, హుసేన్ పేర్లు. ఏ గైడూ అక్కర్లేకుండా అన్నీ చదువుకున్నాం. రెండు రకాతుల నమాజు చేశాం.

ఆ రోజు పొద్దున్నుంచీ ఏదో తేలిగ్గా ఉంది. అదేమిటో అక్కడ సజ్దాలో తెలిసింది. మా గడ్డాన్ని ఎవరూ గమనించడం లేదు. పేరు చెప్పాక ఎవరి కళ్లూ మారడం లేదు. అద్దెకు గది అడిగితే ఇంటివాళ్లు లోపలికెళ్లి మాట్లాడుకుని రాలేదు. అజాన్ వినిపిస్తే మేం పక్కవాడి మొహం చూడనక్కర్లేదు. మన ఊళ్లో మెజారిటీ మనిషి పుట్టినప్పటి నుంచీ ఈ తేలికతోనే బతుకుతాడు, దానికో పేరుందని కూడా అతనికి తెలియదు. నలభై ఏళ్లు దాటాక ఒక్క పూట మాకు దొరికింది. హాయిగా ఉంది. కాదనం.

సలాం తిప్పి తలెత్తితే ఎదురుగా, ఖిబ్లా వైపు పైన, తెల్లటి తెరలు. వాటి వెనక బాలయేసుని ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ మొజాయిక్ ఉంది. సుమారు పదకొండున్నర శతాబ్దాల పాతది. నమాజుకు అడ్డని తెర కట్టారు. ఆ తెర వెనక ఉన్నది మా మరియమే. ఖురాన్‌లో ఆమె పేరిట ఒక సూరా ఉంది. అయినా ఆ తెర చూస్తే మాకు గుర్తొచ్చింది సూరా కాదు. ఒక తాళం వేసిన గేటు, ముళ్లకంచె, 1992 డిసెంబరు 6.

రెండూ ఒకటి కావు, మాకు తెలుసు. అక్కడ కట్టడం నిలిచే ఉంది, ఇక్కడ పట్టపగలు కూల్చారు. కూల్చడం చట్టవిరుద్ధమని 2019 తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది, చెప్పి స్థలాన్ని గుడికే ఇచ్చింది. కానీ ఒక పంచాంగం చూడండి. 2020 జూలై 24న ఆయా సోఫియాలో 86 ఏళ్ల తర్వాత జుమా నమాజు జరిగింది, దేశాధ్యక్షుడు ముందు వరసలో కూర్చున్నాడు. 2020 ఆగస్టు 5న అయోధ్యలో భూమిపూజ జరిగింది, ప్రధానమంత్రి పీటల మీద కూర్చున్నాడు. మధ్యలో పన్నెండు రోజులు. మొదటి రోజున మా బంధువుల వాట్సాప్ గుంపులో మిఠాయి బొమ్మలు వచ్చాయి, ముబారక్‌లు వచ్చాయి. పన్నెండు రోజులకి అదే గుంపు మూగబోయింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు ఎవరూ అనలేదు. 2024 జనవరి 22న గుడి ప్రారంభమైనప్పుడూ అనలేదు. అదే ఏడాది మే నెలలో ఇస్తాంబుల్లో కారియె అనే మరో పాత చర్చిలో, అదీ మ్యూజియంగా ఉన్నదే, నమాజు మొదలైంది. అప్పుడూ అనలేదు. మతం వేరు, దేశం వేరు, రాజకీయం ఒకటే. సంఖ్య ఎక్కువ ఉన్నవాడు గెలిచానని గోడల మీద రాసుకోవడం.

ఆ ఫిరోజా తివాచీ మీద కూర్చున్నప్పుడే కాపయ నాయకుడు గుర్తొచ్చాడు. మా ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునే ఆ తురుష్క శత్రువు బిరుదుల్లో ఒకటి 'ఆంధ్ర సురత్రాణ'. సురత్రాణ అంటే సుల్తాన్ అన్న మాటకే సంస్కృతం వేషం. తుగ్లక్‌లను ఓడించినవాడు ఆంధ్ర సుల్తానునని చెప్పుకున్నాడు. తర్వాతి కాలంలో బహమనీ సుల్తాను మహమ్మద్ షాకి ఆయన ఇచ్చిన సింహాసనం పేరు తఖ్తె ఫిరోజా అని ఫెరిష్తా రాశాడు. యుద్ధమూ చేశారు, సంధీ చేశారు, మాటలూ రంగులూ ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ చరిత్రలో సగమే మా పాఠాల్లోకి వచ్చింది.

అక్కణ్ణుంచి ఎమినోను రేవుకి దిగి, గలాటా వంతెన మీద గాలాలు వేసి నిలబడ్డవాళ్ల పక్కనుంచి నడిచి, అవతలి గట్టెక్కాం. ఎత్తుమీది ఇస్తిక్లాల్ వీధి. ఇస్తిక్లాల్ అంటే స్వాతంత్ర్యం. ఉర్దూ చదివినవాళ్లకు తెలిసిన మాటే. ఒకప్పుడు ఆ వీధిలో గ్రీకులు, అర్మేనియన్లు, యూదులు వ్యాపారాలు చేసేవాళ్లు. 1955 సెప్టెంబరు 6న, గ్రీసులో కమాల్ పాషా పుట్టిన ఇంట్లో బాంబు పేలిందని ఒక సాయంత్రపు పత్రిక ప్రత్యేక సంచిక వేసింది. ఆ రాత్రి మూకలు ఈ వీధి మీద పడ్డాయి. వేల దుకాణాలు పగలగొట్టారు, చర్చీలు తగలబెట్టారు. బాంబు పెట్టించింది టర్కీవైపు వాళ్లేనని తర్వాత తేలింది. ఇస్తాంబుల్లో అప్పుడు లక్షకు దరిదాపుల్లో ఉన్న గ్రీకులు ఇప్పుడు కొద్ది వేలు. ఒక వార్త, ఒక పుకారు, ఒక మూక, ఆ తర్వాత ఖాళీ ఇళ్లు. పత్రికల్లో పనిచేసే మాకు ఈ వరస ఎవరూ నేర్పక్కర్లేదు. వీధి చివర తక్సిమ్ మైదానంలో పాత గ్రీకు చర్చి ఉంది. దాని దగ్గర్లో 2021లో తెరిచిన కొత్త మసీదు. దాని ఎత్తు చూసి మాకు ముచ్చటెయ్యలేదు.

పొద్దు వాలుతుండగా ఇంకా ఉత్తరానికి నడిచాం. మేం ముందే అనుకున్న చోటు ఒకటుంది. హాలాస్కార్‌గాజీ వీధిలో ఒక భవనం ముందు కాలిబాట మీద పొదిగిన ఫలకం. హ్రాంత్ దింక్ అనే పేరు, 2007 జనవరి 19 అనే తారీఖు. ఆయన అర్మేనియన్. 1996లో మిత్రులతో కలిసి 'అగోస్' అనే వారపత్రిక మొదలుపెట్టాడు. తురక భాషలోనూ అర్మేనియన్ భాషలోనూ వచ్చే పత్రిక. రెండు జాతులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్నాడు. 1915లో అర్మేనియన్ల మీద జరిగిన ఘోరాన్ని దాచొద్దన్నాడు. 2005లో కోర్టు ఆయనకు శిక్ష వేసింది. నేరం ఏమిటో తెలుసా? తురకతనాన్ని అవమానించడం. 2007లో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఆయన్ని తన కార్యాలయం ముందే కాల్చి చంపాడు. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు రాసిన వ్యాసంలో తన మనసుని పావురం బెదురుతో పోల్చుకున్నాడు. ఆ వ్యాసం శీర్షికలో రూహ్, హాల్ అనే రెండు మాటలున్నాయి. మా ఇంటి మాటలు.

తెల్ల దుప్పటి కప్పిన ఆయన శవం ఫొటో ప్రపంచమంతా చూసింది. దుప్పటి కిందనుంచి బయటికొచ్చిన బూటు అడుగున చిల్లు. నగరంలో కాలినడకన తిరిగి వార్త మోసినవాడి బూటు. అంత్యక్రియలకు లక్షమంది దాకా వచ్చారు. అందులో ఎక్కువమంది తురకలే. మేమంతా హ్రాంత్‌లం, మేమంతా అర్మేనియన్లం అని పలకలు పట్టుకుని నడిచారు. అది కూడా ఆ నగరమే. మెజారిటీలో ఉండి మైనారిటీ పేరు తమ మెడలో వేసుకున్న లక్షమంది. మన దగ్గర ఒక్క రోజుకైనా మేమంతా తురకలమని లక్షమంది నడుస్తారా? ఈ ప్రశ్న మా లౌకిక మిత్రులకు.

ఆ ఫలకం దగ్గర మాకు మరో పాత్రికేయుడు గుర్తొచ్చాడు. షోయబుల్లా ఖాన్. హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని కాల్చి, రాసిన చెయ్యి నరికారు. అధికారం తురకల చేతిలో ఉన్నప్పుడు తురకల్లోంచి లేచి వద్దన్నవాడు. ఇంత పెద్ద తెలుగు చరిత్రలో ఆయన గురించి మా పాఠాల్లో ఎన్ని పేజీలున్నాయి? రజాకారు అన్న మాట మాత్రం ఊళ్లో ప్రతివాడికీ తెలుసు. మమ్మల్ని అనడానికి పనికొస్తుంది కాబట్టి.

ఆ రోజు ఏడెనిమిది కిలోమీటర్లు నడిచాం. తురకల ఊళ్లో మాకు చుట్టం దొరికాడు. అతను తురక కాడు, ముసల్మానూ కాడు. రెండు భాషల్లో రాసి, తక్కువ సంఖ్యలో పుట్టినందుకు చచ్చిపోయిన అర్మేనియన్. మా మిత్రుడన్న 'మీవాళ్లు' ఎవరో ఆ కాలిబాట మీద మాకు స్పష్టంగా తెలిసింది. దెబ్బతిన్నవాళ్లు మావాళ్లు. వాళ్లకోసం నడిచినవాళ్లు మావాళ్లు. మావాళ్లలో కొట్టేవాళ్లుంటే వాళ్లు మావాళ్లు కారు.

మాతోటి ముస్లింలకు మేం చెప్పేది ఒకటుంది. ఎక్కడో ఒక సుల్తాను గెలిచాడని మనకు ముబారక్‌లు వద్దు. అక్కడ గెలిచినవాడి తర్కమే ఇక్కడ మన మీద గెలుస్తోంది. తెర వెనక మరియమ్మ కోసం మాట్లాడలేని నోరు కూలిన మసీదు కోసం మాట్లాడితే దానికి బలం ఉండదు. లౌకిక మిత్రులకు చెప్పేదీ ఉంది. మమ్మల్ని కాపాడతామని అనకండి. ముందు మమ్మల్ని పిలిచే పేరు సరిచూసుకోండి. తురక అన్న మాటను ఆ పద్నాలుగో శతాబ్దపు సైన్యానికి వదిలెయ్యండి, అది వాళ్లదే. మేం దూదేకులవాళ్లం, తోట గుత్తదార్లం, దర్జీలం, బడిపంతుళ్లం, విలేకరులం.

ఇస్తాంబుల్లో ఆ పగలంతా ఎవరు ఏ ఊరని అడిగినా మేం ముసునూరు అనే చెప్పాం. అది ఎక్కడుందో ఒక్కరికీ తెలియలేదు. వాళ్లకు తెలియాల్సిన పనీ లేదు. మాది ముసునూరని తెలియాల్సింది ముసునూరులో ఉన్నవాళ్లకి.